దేశం మాట బయటివాళ్లకు ఎవరు చెప్పాలి? ప్రజా దౌత్యంలో ఐదు పద్ధతులు, ఏది ఎవరికి నప్పుతుంది

2025 మే నెలాఖరులో ఢిల్లీ నుంచి ఏడు అఖిలపక్ష బృందాలు బయల్దేరాయి. పహల్గాం దాడి, ఆపరేషన్ సిందూర్ తర్వాత మన వాదన వినిపించడానికి 33 రాజధానులు చుట్టి వచ్చాయి. మన వాళ్లూ ఉన్నారు: రాజమహేంద్రవరం ఎంపీ పురందేశ్వరి యూరప్ వెళ్లారు, హైదరాబాద్ ఎంపీ ఒవైసీ గల్ఫ్ దేశాలకు వెళ్లారు, నరసరావుపేట ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలు ఖతర్, ఈజిప్టు, ఇథియోపియా, దక్షిణాఫ్రికా తిరిగారు. పార్లమెంటులో ఒకరి మీద ఒకరు విరుచుకుపడేవాళ్లు అక్కడ ఒకే బల్ల ముందు కూర్చుని ఒకే మాట చెప్పారు. కొలంబియాలో దాని ఫలితం కళ్లకు కట్టింది. పాకిస్తాన్‌లో చనిపోయినవారికి సంతాపం తెలుపుతూ ఆ దేశం ఇచ్చిన ప్రకటన మీద శశి థరూర్ బృందం బొగోటాలోనే అసంతృప్తి తెలిపింది. ఆ తర్వాత కొలంబియా ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది.

నేను సివిల్స్ అభ్యర్థులకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. ఆ రోజుల్లో క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "సార్, ప్రతిసారీ ఇలా అప్పటికప్పుడు మనుషుల్ని పోగుచెయ్యాల్సిందేనా? దీనికంటూ ఒక శాశ్వత ఏర్పాటు ఉండదా?" చాలా మంచి ప్రశ్న. దేశాలు దీనికి వేర్వేరు జవాబులు వెతుక్కున్నాయి. వాటిలో ఏది మెరుగు అని వ్యాసం రాయాల్సినవాళ్లకీ, ప్రభుత్వంలో ఇలాంటి పని చూసేవాళ్లకీ, విదేశాల్లో తెలుగు సంఘాలు నడిపేవాళ్లకీ పనికొస్తుందని ఈ పోలిక రాస్తున్నాను.

ముందు మాట ఒకటి. మామూలు దౌత్యం ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య నడుస్తుంది. ప్రజా దౌత్యం అంటే ఒక ప్రభుత్వం అవతలి దేశపు జనంతో, అంటే అక్కడి విద్యార్థులతో, పత్రికలతో, వ్యాపారులతో, ఓటర్లతో నేరుగా మాట్లాడటం. స్కాలర్‌షిప్పులు, భాషా తరగతులు, రేడియో, సాంస్కృతిక కేంద్రాలు, ప్రవాసులు అన్నీ ఇందులోకే వస్తాయి. ఇన్ని పనులు ఇన్ని చేతుల్లో ఉంటాయి కాబట్టే వాటిని ఒక తాటి మీదికి ఎలా తేవాలన్న చిక్కు వస్తుంది.

## దేన్ని బట్టి తూచాలి

ఐదు విషయాలు చూడాలి.

నమ్మకం: వినేవాడు "ఇది ప్రభుత్వం డప్పు" అనుకుంటాడా, లేక చెవి ఒగ్గుతాడా?

వేగం: సంక్షోభం వచ్చిన రాత్రే మాట బయటికి వెళ్తుందా?

ఒకే మాట: పర్యాటక శాఖ ఒకటి, విదేశాంగ శాఖ మరొకటి చెబుతున్నాయా?

నిలకడ: ప్రభుత్వం మారినా, బడ్జెట్ తగ్గినా పదేళ్లు నిలుస్తుందా?

వినడం: బయటి జనం ఏమనుకుంటున్నారో విని, ఆ సంగతిని విధానం తయారుచేసే గది దాకా ఎవరైనా చేరవేస్తున్నారా?

మొదటి నాలుగూ అందరూ రాస్తారు. ఐదోదాన్ని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో బరువు దానికే ఎక్కువ. ఎందుకో అమెరికా కథలో చెబుతాను.

| పద్ధతి | ఉదాహరణ | నమ్మకం | వేగం | ఒకే మాట | నిలకడ | వినడం |
|---|---|---|---|---|---|---|
| విదేశాంగ శాఖ కిందే అంతా | భారత్, 1999 తర్వాత అమెరికా | మధ్యస్థం | ఎక్కువ | మధ్యస్థం | తక్కువ | అధికారిని బట్టి |
| విడిగా ఒక ప్రభుత్వ సంస్థ | 1953–99 అమెరికా | మధ్యస్థం | మధ్యస్థం | మధ్యస్థం | మూతపడేదాకా ఎక్కువ | అధిపతి పలుకుబడిని బట్టి |
| చేతికందని దూరంలో సంస్థలు | బ్రిటన్, జర్మనీ | ఎక్కువ | తక్కువ | తక్కువ | మధ్యస్థం | ఎక్కువే, పైకి చేరేది తక్కువ |
| చట్టం, కమిటీ, ఐదేళ్ల ప్రణాళిక | దక్షిణ కొరియా | మధ్యస్థం | మధ్యస్థం | ఎక్కువ (కాగితం మీద) | ఎక్కువ | మధ్యస్థం |
| పార్టీ అదుపులో అంతా | చైనా | తక్కువ | ఎక్కువ | చాలా ఎక్కువ | ఎక్కువ | తక్కువ |

## విదేశాంగ శాఖ కిందే అంతా

మన పద్ధతి ఇదే. భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి, అందరూ ఐసీసీఆర్ అనేది, 1950లో మౌలానా ఆజాద్ పూనికతో మొదలైంది. 2006లో విదేశాంగ శాఖలో ప్రజా దౌత్య విభాగం పెట్టారు. తర్వాత దాన్ని విదేశీ ప్రచార విభాగంతో కలిపేశారు. ప్రవాసుల కోసం 2004లో విడిగా పెట్టిన మంత్రిత్వ శాఖను కూడా 2016లో విదేశాంగ శాఖలోనే కలిపారు. ఇదంతా చూస్తే పగ్గాలన్నీ ఒకరి చేతిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఇన్‌క్రెడిబుల్ ఇండియా పర్యాటక శాఖది, స్టడీ ఇన్ ఇండియా విద్యా శాఖది, యోగా ఆయుష్ శాఖది. పెట్టుబడుల సదస్సులు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే.

ఈ పద్ధతిలో ఉన్న బలం వేగం. ఒక్కో దేశపు డెస్కు చూసే అధికారికి అక్కడి రాజకీయం తెలుసు, ఏ మాట ఎవరికి గుచ్చుకుంటుందో తెలుసు. బలహీనత కూడా అక్కడే ఉంది. ఈ రోజు మంటను ఆర్పడమే ఆ అధికారి పని. ఒక విదేశీ విశ్వవిద్యాలయంలో తెలుగో హిందీయో చెప్పే కోర్సు ఇరవై ఏళ్లకు ఫలితమిస్తుంది. సాయంత్రం ఐదింటికి మంత్రి ప్రకటన సిద్ధం చేయాల్సినవాడి ఫైళ్లలో అది ఎప్పుడూ అడుగునే ఉంటుంది. పైగా మూడేళ్లకో బదిలీ.

ఈ పద్ధతి అద్భుతంగా పనిచేసిన సందర్భం ఒకటి ప్రతి తెలుగువాడికీ తెలిసి ఉండాలి. 1994 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ ముందు కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం పెట్టింది. ప్రధాని పి.వి. నరసింహారావు మన బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని పంపారు. విదేశాంగ సహాయ మంత్రి సల్మాన్ ఖుర్షీద్, కశ్మీర్ నుంచి ఫరూక్ అబ్దుల్లా ఆయన వెంట ఉన్నారు. ప్రభుత్వమూ ప్రతిపక్షమూ కశ్మీరీ నాయకుడూ ఒకే వరుసలో నిలబడటమే అక్కడ అన్నిటికంటే పెద్ద వాదన అయింది. అదే సమయంలో విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్ అనారోగ్యంతో ఉండి కూడా టెహ్రాన్ వెళ్లి ఇరాన్ నాయకత్వాన్ని కలిశారు. చివరికి పాకిస్తాన్ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. జనానికి కనిపించే పనీ, కనిపించకుండా జరిగే పనీ ఒకే మనిషి మనసులో ముడిపడి ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది. పి.వి. లాంటి మనిషి ఆ కుర్చీలో లేనప్పుడు ఆ ముడి ఎవరు వేస్తారన్నదే ఈ పద్ధతితో ఉన్న ఇబ్బంది.

## విడిగా ఒక సంస్థ: అమెరికా కట్టింది, అమెరికాయే మూసింది

1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ యునైటెడ్ స్టేట్స్ ఇన్ఫర్మేషన్ ఏజెన్సీని పెట్టారు. విదేశాంగ శాఖకు బయట, విడి బడ్జెట్‌తో, విడి ఉద్యోగులతో నడిచింది. లైబ్రరీలు, పత్రికలు, రేడియో దాని చేతుల్లో ఉండేవి.

దాని ఛాయలు హైదరాబాద్ దాకా వచ్చాయి. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో అమెరికా తోడ్పాటుతో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ మొదలైంది. మాకు పాఠం చెప్పిన మాస్టారు ఒకాయన ఆ లైబ్రరీ గురించి చెబుతుంటే ఆయన ముఖంలో వెలుగు కనిపించేది. పగలు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా నినాదాలిచ్చి, సాయంత్రం ఆ లైబ్రరీకి వెళ్లి, ఆ యుద్ధాన్ని తిట్టిన అమెరికా రచయితల పుస్తకాలే తీసుకుని చదివేవారట. "నన్ను అమెరికా విధానం వైపు తిప్పలేకపోయారు. కానీ అమెరికాను ద్వేషించనివ్వలేదు" అనేవారు. ప్రజా దౌత్యం ఏం చేయగలదో, ఏం చేయలేదో నాకు ఆ ఒక్క మాటలో అర్థమైంది.

1961లో ఆ ఏజెన్సీ అధిపతిగా వచ్చిన ఎడ్వర్డ్ మురో పేరున్న పాత్రికేయుడు. క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడి సంగతి ఆయనకు ముందుగా చెప్పలేదు. విమానం కూలేటప్పుడు పిలిచేవాళ్లు ఎగిరేటప్పుడు కూడా పిలవాలని ఆయన అన్నట్టు చెబుతారు. విధానం ఖరారైపోయాక "దీన్ని బయట అమ్మిపెట్టు" అంటే ఎంత తెలివైనవాడైనా చేయగలిగింది కొంచెమే.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఖర్చు తగ్గించాలన్న పట్టుదలతో 1999 అక్టోబరులో ఏజెన్సీని రద్దు చేసి విదేశాంగ శాఖలో కలిపారు. రెండేళ్లు తిరక్కముందే సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. ముస్లిం దేశాలతో మాట్లాడాల్సిన అవసరం ఒక్కసారిగా నెత్తి మీద పడేసరికి, అందుకు పనికొచ్చే పాత యంత్రాంగం విడిపోయి ఉంది. వ్యాపార ప్రకటనల రంగం నుంచి షార్లెట్ బీర్స్‌ను తెచ్చారు. 2002 రంజాన్ నెలలో అమెరికాలోని ముస్లింల జీవితాలు చూపిస్తూ టీవీ ప్రకటనలు వేశారు. అందులో ఒహాయోలో హిజాబ్ వేసుకుని పాఠం చెప్పే టీచరమ్మ ఉంది. తీసిన తీరు బాగుంది, చెప్పింది అబద్ధమూ కాదు. కానీ ఆ సమయంలో ఆ దేశాల జనం అడుగుతున్న ప్రశ్నలు పాలస్తీనా గురించి, ఇరాక్ గురించి. అడిగినదొకటి, చెప్పినదొకటి. ఈజిప్టు, జోర్డాన్ ప్రభుత్వ టీవీలు వాటిని వెయ్యనేలేదు. దాదాపు కోటిన్నర డాలర్ల ఖర్చుతో చేసిన ఆ ప్రచారం కొద్ది వారాల్లోనే ఆగిపోయింది, 2003 మార్చిలో బీర్స్ తప్పుకున్నారు, అదే నెలలో ఇరాక్ యుద్ధం మొదలైంది. వినడానికి బరువెక్కువ అన్నది ఇందుకే.

విడి సంస్థకు ఇంకో లాభం ఉంది. ఈ వృత్తిలోనే జీవితమంతా గడిపే మనుషులు తయారవుతారు. సంస్థను మూసేస్తే ఆ అనుభవం మళ్లీ కూడబెట్టడానికి ఒక తరం పడుతుంది.

## చేతికందని దూరం: బ్రిటన్, జర్మనీ

ఇక్కడ ప్రభుత్వం డబ్బిస్తుంది, పగ్గాలు మాత్రం పట్టుకోదు. బ్రిటిష్ కౌన్సిల్ 1934లో పుట్టింది, 1940లో రాయల్ చార్టర్ (సంస్థకు విడి ఉనికినిచ్చే రాజ శాసనం) వచ్చింది. బీబీసీ వరల్డ్ సర్వీస్ మూలాలు 1932లో ఉన్నాయి. ఈ దూరం ఎంత గట్టిదో 1956 సూయెజ్ సంక్షోభంలో తేలింది. ప్రధాని ఈడెన్ ఈజిప్టు మీద యుద్ధానికి దిగితే, దాన్ని వ్యతిరేకిస్తూ ప్రతిపక్ష నాయకుడు గెయిట్స్‌కెల్ చేసిన ప్రసంగాన్ని కూడా బీబీసీ ప్రసారం చేసింది. ఈడెన్‌కు ఒళ్లు మండింది. ప్రభుత్వం ఒత్తిడి పెట్టింది, బీబీసీ లొంగలేదు. ఆ ఒక్క నెల ప్రభుత్వానికి నష్టమే. తర్వాత దశాబ్దాల పాటు "బీబీసీ చెప్పింది" అంటే జనం నమ్మడానికి అలాంటి రోజులే పునాది.

మన తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటుంది. 2015 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం తన జాతీయ భద్రత, రక్షణ సమీక్షలో భాగంగా వరల్డ్ సర్వీస్‌కు అదనపు నిధులు ప్రకటించింది. ఆ డబ్బుతో జరిగిన విస్తరణలోనే 2017 అక్టోబరు 2న బీబీసీ తెలుగు మొదలైంది. అంటే మన భాషలో వార్తలు రావడానికి కారణమైన నిధులను ఆ దేశం భద్రతా పద్దులో చూసింది. అయినా ఏ వార్త రాయాలో ఆ ప్రభుత్వం చెప్పదు. ఈ పద్ధతి ఆయువుపట్టు అదే.

మరి వీటన్నిటినీ కలిపేదెలా? 2005లో లార్డ్ కార్టర్ సమీక్ష తర్వాత ఒక ప్రజా దౌత్య బోర్డు పెట్టారు. విదేశాంగ శాఖ, బ్రిటిష్ కౌన్సిల్ సభ్యులు. వరల్డ్ సర్వీస్‌కు మాత్రం పరిశీలకుడి కుర్చీ వేశారు. వినేది, ఆదేశాలు తీసుకునేది కాదు. ఒక కుర్చీ పేరు మార్చి ఇంత పెద్ద చిక్కును పరిష్కరించారని నాకు చాలా ముచ్చటేస్తుంది.

జర్మనీ మరింత జాగ్రత్తగా వెళ్లింది. నాజీల ప్రచార మంత్రిత్వ శాఖ అనుభవం తర్వాత సంస్కృతి ప్రభుత్వం నోట్లో ఉండకూడదని గట్టిగా అనుకున్నారు. 1951లో వచ్చిన గోథే ఇన్‌స్టిట్యూట్ 1976 నుంచి విదేశాంగ శాఖతో రాతపూర్వక ఒప్పందం మీద నడుస్తోంది. స్కాలర్‌షిప్పులిచ్చే డాడ్ (DAAD) అనే సంస్థ విశ్వవిద్యాలయాల సంఘం. హైదరాబాద్ గోథే జెంట్రమ్‌లో జర్మన్ నేర్చుకుని, జర్మనీలో ఎంఎస్‌కు వెళ్లే మన పిల్లలకు ఎవరూ ఆ దేశ విదేశాంగ విధానం మీద పాఠం చెప్పరు. వాళ్లంతట వాళ్లే ఆ దేశం గురించి ఒక అభిప్రాయం ఏర్పరచుకుంటారు.

లోపాలు చిన్నవేం కావు. దూరంగా ఉంటే బడ్జెట్ కోత నుంచి తప్పించుకోవచ్చనుకోవడం భ్రమ: 2023లో గోథే తొమ్మిది కేంద్రాలు మూసేస్తున్నట్టు ప్రకటించింది. బ్రిటిష్ కౌన్సిల్ ఆదాయంలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ తరగతులు, పరీక్షల ఫీజుల మీదే. మన పిల్లలు రాసిన ఐఈఎల్‌టీఎస్ డబ్బులూ అందులోవే. కోవిడ్‌లో ఆ రాబడి పడిపోయేసరికి ప్రభుత్వం దగ్గర దాదాపు 20 కోట్ల పౌండ్ల అప్పు మీద పడింది. 2021లో ఇండియాలోని ఐఈఎల్‌టీఎస్ వ్యాపారాన్ని ఆ పరీక్ష నడిపే మరో సంస్థ ఐడీపీకి అమ్మేసింది. ప్రభుత్వానికి దూరమైనకొద్దీ బజారుకు దగ్గరవ్వాల్సి వస్తుంది.

## చట్టం చేసి కూర్చోబెట్టడం: దక్షిణ కొరియా

కొరియాలో విదేశాంగ శాఖ కొరియా ఫౌండేషన్ నడుపుతుంది, సాంస్కృతిక శాఖ కింద సెజోంగ్ భాషా కేంద్రాలు నడుస్తాయి. ఇద్దరూ ఒకే ఊళ్లో ఒకే పని చేయడం మామూలైపోయింది. అందుకని 2016లో ప్రజా దౌత్య చట్టం తెచ్చారు. విదేశాంగ మంత్రి అధ్యక్షతన కమిటీ, ఐదేళ్లకో మూల ప్రణాళిక, ఏటేటా అమలు ప్రణాళికలు. మొదటి ప్రణాళిక 2017 నుంచి 2021 దాకా నడిచింది. ఇందులో నాకు బాగా నచ్చింది, రాష్ట్రాలూ నగరాల ప్రభుత్వాలు కూడా తమ ప్రణాళిక ఇవ్వాలనడం.

చట్టం వచ్చినంత మాత్రాన శాఖల మధ్య పోటీ పోదు. డబ్బు ఎవరి పద్దులో ఉంటే మాట వాళ్లదే చెల్లుతుంది. ఇంకో సంగతి, కొరియా పేరు ప్రపంచమంతా మోగడానికి కారణం కమిటీ కాదు, పాటలూ సీరియళ్లూ. 2021లో బీటీఎస్ కుర్రాళ్లను అధ్యక్షుడి ప్రత్యేక దూతలుగా ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లారు. అప్పటికే వాళ్లు ప్రపంచాన్ని గెలిచేశారు. ప్రభుత్వం చేసిందల్లా ఆ వెలుగులో నిలబడటం. దాన్ని తక్కువ పని అననుగానీ, ఘనత ఎవరిదో తెలిసి ఉండాలి.

## పార్టీ అదుపులో అంతా: చైనా

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2018లో చైనా తన ప్రధాన టీవీ, దేశీయ రేడియో, విదేశీ రేడియో సంస్థల్ని కలిపి పార్టీ ప్రచార విభాగం కింద పెట్టింది. ఒకే మాట అన్న కొలమానంలో దీన్ని మించింది లేదు. కానీ 2004లో సియోల్‌తో మొదలై వందల విశ్వవిద్యాలయాల్లోకి వెళ్లిన, చైనా భాష నేర్పే కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్లకు ఏమైందో చూడండి. షికాగో విశ్వవిద్యాలయం 2014లో వద్దనుకుంది, స్వీడన్ అన్నిటినీ మూసేసింది. భాష నేర్పడం అందరికీ ఇష్టమే. ఏ విషయం మాట్లాడకూడదో బయటినుంచి నిర్ణయిస్తారేమో అన్న అనుమానమే ఆ సంస్థల్ని తినేసింది. నేను చైనా భాష నేర్పిన ఆ టీచర్ల గురించి బాధపడతాను, వాళ్లలో ఎంతోమంది నిజాయితీగా పాఠం చెప్పినవాళ్లే.

## మీరెవరో దాన్ని బట్టి

వ్యాసం రాసే అభ్యర్థి అయితే ఏదో ఒకటి ఎంచుకుని మిగతావన్నీ తప్పనకండి. సంక్షోభంలో మాట చెప్పడం వేరు, ఇరవై ఏళ్ల స్నేహం పెంచడం వేరు. మొదటిదానికి విదేశాంగ శాఖ చేయి కావాలి, రెండోదానికి ఆ చేయి కాస్త దూరంగా ఉండాలి. భారత్‌కు నా సలహా అడిగితే: జెనీవా తరహా పనికి విదేశాంగ శాఖలో ఒక శాశ్వత బృందం, ఐసీసీఆర్‌కు బ్రిటిష్ కౌన్సిల్ తరహా చార్టర్, శాఖలనూ రాష్ట్రాలనూ కలపడానికి కొరియా తరహా చట్టం. దీనికి కట్టాల్సిన వెల కూడా రాయండి. చార్టర్ ఇచ్చాక ఐసీసీఆర్ ఏదో ఒకరోజు ప్రభుత్వానికి నచ్చని రచయితను విదేశానికి పంపుతుంది. ఆ రోజు ఫోన్ చేయకుండా ఉండగలగాలి. ఉండలేమనుకుంటే చార్టర్ మాట ఎత్తకపోవడమే నయం.

రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసేవారైతే మీకు కొరియా పద్ధతే అక్కరకొస్తుంది, చట్టం లేకపోయినా. 2023లో జీ20 సమావేశాలు మన దగ్గరా జరిగాయి: మార్చిలో విశాఖలో మౌలిక సదుపాయాల బృందం, జూన్‌లో హైదరాబాద్‌లో వ్యవసాయ మంత్రులు. బీచ్ రోడ్డు మెరిసిపోయింది, గోడల మీద బొమ్మలు వేశారు. వచ్చినవాళ్లు ఎవరు, ఏ విషయం మీద ఆసక్తి చూపారు, మళ్లీ ఎవరైనా వాళ్లకు ఉత్తరం రాశారా? ఆ జాబితా ఒక మనిషి దగ్గర ఉండి, ఆయన బదిలీ అయినా తర్వాతివాడికి అందితే అది ప్రజా దౌత్యం. అందకపోతే అది ముస్తాబు మాత్రమే.

విదేశంలో తెలుగు సంఘం నడిపేవారైతే రాయబార కార్యాలయంతో కలిసి కార్యక్రమం చేయడానికి వెనకాడకండి, కానీ ఏ పనికి కలుస్తున్నారో ముందే తేల్చుకోండి. ఉగాది, యోగా, పిల్లలకు తెలుగు తరగతులు కలిసి చేయొచ్చు. ఏదైనా విధానాన్ని సమర్థించే సభ అయితే విడిగా, మీ సభ్యుల్ని అడిగాకే. మీ పొరుగింటి వ్యక్తి మిమ్మల్ని నమ్మేది మీరు ఏ ప్రభుత్వం తరఫునా రాలేదనే. ఆ నమ్మకం ఒకసారి పోతే తరగతులకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు కూడా ఆలోచనలో పడతారు. ఇంకొకటి: ఆ కార్యాలయంలో సాంస్కృతిక వ్యవహారాలు చూసే అధికారిని కలిసినప్పుడు మీ వేదిక గురించి చెప్పడంతో ఆపకండి. మన దేశం గురించి మీ సహోద్యోగులు మిమ్మల్ని ఏమడుగుతున్నారో, ఏ వార్త చూసి మొహం చిట్లిస్తున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన రాసుకుంటున్నాడో లేదో గమనించండి.